మా బ్యాండు మొదటి పంక్ రాక్ టూరు: 12 రోజులు, 10 షోలు, ఒక వ్యాను. ఏం తప్పుతుంది, ఎక్కడ తప్పుతుంది? (అడిగింది మూడుకార్డులు; ప్రతి ముక్క పైన ఉన్నది అది రాసినవాళ్ళ మారుపేరు.)

మూడుకార్డులు
నలుగురం. లేబుల్ లేదు, మేనేజరు లేడు, బుకింగ్ ఏజెంటూ లేడు. సెట్టు 25 నిమిషాలు. రెండు గిటార్ ఆంప్ హెడ్లు, అంటే శబ్దం పెంచే పెట్టెలు (ఒకటి ట్యూబుది, అంటే గాజు వాల్వులది), రెండు 4×12 క్యాబినెట్లు (12 అంగుళాల స్పీకర్లు నాలుగేసి ఉన్న పెట్టెలు), బేస్‌కి ఒక హెడ్డు, ఒక 8×10 (10 అంగుళాలవి ఎనిమిది), పూర్తి డ్రమ్ కిట్టు. అద్దె వ్యాను. మూడు సందేహాలు. షోలు ఎంత ముందు నుంచి కుదుర్చుకోవాలి? ఏం మోయాలి, ఏం వదిలేయాలి? డబ్బు ఎక్కడ కారిపోతుంది? "ఇష్టం ఉంటే అన్నీ అవే కుదురుతాయి" అనేవాళ్ళు ఈసారికి మౌనంగా ఉంటే సంతోషం.

పిట్టగోడ
మూడు నాలుగు నెలల ముందు మొదలుపెట్టండి. ముందుగా శుక్ర, శనివారాలకి రెండు మూడు గట్టి షోలు ఖాయం చేసుకుని, మిగతా రోజుల్ని వాటి మధ్య దారిలో నింపుకోవాలి. సోమవారం షో కోసం శనివారం షోని జరిపితే రెండూ పోతాయి.

షోకీ షోకీ మధ్య 300, 350 కిలోమీటర్లు దాటకుండా చూడండి. మ్యాపులో నాలుగు గంటలు కనిపిస్తే నిండు వ్యానులో, ఆగుతూ వెళ్తే అయిదున్నర. సామాను సాయంత్రం 5కి దింపాలంటే 11కే బయల్దేరాలి. 11కి బయల్దేరాలంటే 10కి అందరూ లేచి ఉండాలి, అసలు కష్టం అక్కడుంది. అయిదారు షోల తర్వాత ఒక రోజు ఖాళీ పెట్టండి. గొంతుకీ అదే మందు, వాయిదా పడ్డ షోని సర్దుకోవడానికీ అదే చోటు.

షో పెట్టేవాళ్ళకి రాసే మొదటి ఉత్తరం అయిదు వరుసలు మించకూడదు. బ్యాండు ఎలాంటిది, ఒకే ఒక్క పాట లింకు, కావాల్సిన తేదీ, దానికి అటూ ఇటూ ఒక రోజు వెసులుబాటు, ఆ ఊళ్ళో ఏ లోకల్ బ్యాండుతో కలిసి వాయిస్తే బాగుంటుందో ఒక పేరు. "ఆ ఊళ్ళో మాకు జనం లేరు" అని నిజం రాసేయండి, ఎలాగూ వాళ్ళకి తెలుసు. జనాన్ని తెచ్చేది లోకల్ బ్యాండే, కాబట్టి వాళ్ళని చివర్లో వాయించమని అడిగి మీరు మధ్యలో ఎక్కండి. వారానికి ఒకసారి గుర్తు చేయండి, రెండోసారీ జవాబు రాకపోతే వదిలేయండి.

రెండు వారాల ముందు ఒకే మెసేజీలో ఇవన్నీ రాబట్టాలి. సామాను దింపే టైము, మెట్లు ఎన్ని, స్టేజీ ఎక్కే టైము, ఎన్ని నిమిషాలు, శబ్దం ఎన్నింటికి ఆపాలి, డ్రమ్స్, క్యాబినెట్లు అక్కడ ఉన్నాయా, పీఏలో (హాలు స్పీకర్లలో) గొంతు మాత్రమేనా లేక డ్రమ్స్‌కి కూడా మైకులా, పడుకునే చోటు, వ్యాను పెట్టే చోటు, డబ్బు ఎవరు ఎప్పుడు ఇస్తారు. అన్నిటికంటే ముఖ్యం, షో రాత్రి హాల్లో ఉండే మనిషి ఫోన్ నంబరు. షో కుదిర్చిన వ్యక్తి ఆ రాత్రి ఊళ్ళోనే ఉండకపోవచ్చు. "అన్నీ నేను చూసుకుంటా" అనే ఒక్క నోటిమాట మీద ఆధారపడటం కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే.

లెక్కలమాస్టారు
డబ్బు సంగతి. ఒప్పందాలు మూడు రకాలు: ఖాయమైన మొత్తం, టికెట్ల వసూలులో వాటా, లేదా ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది. కొత్త బ్యాండుకి ఎక్కువగా దొరికేది వాటాయే. ఇక్కడ అడగాల్సింది శాతం కాదు, "ఖర్చులు పోను" అన్న మాటలో ఏ ఖర్చులున్నాయో అడగాలి. హాలు అద్దె, పీఏ, సౌండ్ మనిషి, పోస్టర్లు కలిపి ఎంతో అంకె ముందే రాయించుకోండి. అంకె లేని చోట ఖర్చులు రాత్రికి రాత్రే పెరుగుతాయి. గుమ్మం దగ్గర తలలు లెక్కపెట్టే క్లిక్కరు బిళ్ళ జేబులో పడుతుంది, కొనుక్కోండి.

పెట్రోలు, డీజిలు లెక్కని డబ్బులో కాదు, లీటర్లలో మొదలుపెట్టాలి. నిండు వ్యాను 100 కిలోమీటర్లకి సుమారు 11 లీటర్లు తాగుతుందనుకుందాం. 3,200 కిలోమీటర్లకి 352 లీటర్లు. షోలో అమ్మే ఒక టీషర్టు మీద మిగిలేదానితో ఎన్ని లీటర్లు వస్తాయో చూసి, 352ని దానితో భాగించండి. వచ్చిన అంకె కంటే తక్కువ చొక్కాలు పట్టుకెళ్తే ఆ టూరు కాగితం మీదే మునిగినట్టు. పది షోలలో మూడు పైసా ఇవ్వవని పెట్టుకుని లెక్క వేయండి. అప్పటికీ నిలబడితే బయల్దేరండి.

కారిపోయేది పెద్ద ఖర్చుల్లో కాదు. టోలు, పార్కింగు, రాత్రి 1కి పెట్రోలు బంకులో కొనే చిరుతిళ్ళు. ఒక పెట్టె, ఒక నోటుబుక్కు, రాసేది ఒక్కరే. తిండి పెట్టెలోంచా, ఎవరి జేబులోంచి వాళ్ళా అన్నది బయల్దేరే ముందే తేల్చుకోండి. అన్నిచోట్లా బావే గాని వంగతోట దగ్గర మాత్రం కాదన్నట్టు, నాలుగేళ్ళ స్నేహం నాలుగో రోజు టీ డబ్బుల దగ్గర బీటలు వారుతుంది.

అద్దె వ్యానులో రెండు గుంటలున్నాయి: రోజుకి ఇన్నే కిలోమీటర్లన్న పరిమితి, గీత పడితే మన నెత్తిన పడే మొత్తం. తీసుకునేటప్పుడూ ఇచ్చేటప్పుడూ నాలుగు వైపులు, పైకప్పు, టైర్లు, కిలోమీటర్ల అంకె ఫోటోలు తీయాలి. పైకప్పు ఎవరూ తీయరు. చెట్టుకొమ్మ గీరేది అక్కడే.

గాఫర్‌టేపు
బాసూ, 8×10ని ఇంట్లో వదిలెయ్. అరవై కిలోల పైన ఉండేదాన్ని 25 నిమిషాల సెట్టు కోసం రోజూ మెట్లెక్కించడం పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమే. చాలా చోట్ల బేస్ క్యాబినెట్టు ఉంటుంది, లేదా లోకల్ బ్యాండుది దొరుకుతుంది. హెడ్డు నీది, క్యాబినెట్టు వాళ్ళది. పద్ధతి అదే. గిటార్లకి కూడా ఒక 4×12 చాలు, రెండోది అడిగి తీసుకో.

తప్పక ఉండాల్సినవి చెప్తా. ట్యూబు హెడ్డుకి ఒక జత పవర్ ట్యూబులు, అంటే నీది ఏ రకమో అదే, ఈఎల్34 రకం ట్యూబు బదులు ఇంకోటి గుచ్చకు. రెండు 12ఏఎక్స్7, అంటే చిన్న ప్రీఆంప్ ట్యూబులు. ఫ్యూజులు అయిదు, వెనక ప్యానెల్ మీద రాసిన అంకే, నెమ్మదిగా ఎగిరే రకమైతే అదే రకం. ఫ్యూజు ఎగిరిందని పెద్ద అంకెది పెడితే తర్వాత ఎగిరేది ట్రాన్స్‌ఫార్మరు. రెండుసార్లు వెంటవెంటనే ఎగిరిందంటే తప్పు ఫ్యూజుది కాదు, ఎక్కువగా పవర్ ట్యూబుది. ట్యూబులు పీకి కొత్తవి పెట్టి చూడు.

గిటారిస్టుకి తీగల సెట్లు ఎనిమిది, విడిగా అన్నిటికంటే సన్నటి రెండు తీగలు ఇంకో ఆరేసి. గిటార్ కేబుళ్ళు మనిషికి రెండు. స్పీకర్ కేబులు రెండు, వాటికి రంగు టేపు చుట్టు. గిటార్ కేబులుతో హెడ్డుని క్యాబినెట్టుకి కలిపితే సన్నటి తీగ వేడెక్కి తెగుతుంది, హెడ్డు లోడు (క్యాబినెట్టు) లేకుండా నడుస్తుంది, ఆ రాత్రి అంతే. టంకం కర్ర, ఎక్స్‌టెన్షన్ బోర్డులు రెండు, టార్చిలైటు, తలకి పెట్టుకునేది అయితే మేలు. గాఫర్ టేపు (స్టేజీ మీద వాడే గుడ్డ టేపు) మంచిదే కొను, చౌకది జిగురు వదిలి కార్పెట్టుని నాశనం చేస్తుంది.

హమ్మింగు శబ్దం వస్తోందని ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టే మహానుభావులు ప్రతి ఊళ్ళో ఉంటారు. చేతిలో గిటారు, పెదవికి మైకు, మధ్యలో ఎర్తు లేదంటే ఆ కరెంటు పోయే దారి నువ్వే. డీఐ బాక్సు (గిటారు సిగ్నల్‌ని పీఏకి పంపే పెట్టె) మీద హమ్మింగుని తెంచే గ్రౌండ్ లిఫ్టు స్విచ్చు ఉంటుంది, దాన్ని నొక్కు. లేదా అన్ని ఆంపులనీ ఒకే బోర్డుకి పెట్టు.

మూడుకార్డులు
గాఫర్‌టేపు అన్నా, ఒక చిక్కు. హెడ్డు వెనక 4, 8, 16 ఓమ్ స్విచ్చు ఉంది. రోజూ వేరే క్యాబినెట్టు అయితే?

గాఫర్‌టేపు
క్యాబినెట్టు వెనక రాసిన అంకె చూసి స్విచ్చు అదే అంకెకి తిప్పు. 16 ఓమ్ క్యాబినెట్లు రెండు కలిపితే 8, 8వి రెండు కలిపితే 4. ఒకటి 8, ఒకటి 16 కలిపితే 5.3. అలాంటప్పుడు కలపకు, ఒకటే వాడు. ట్యూబు హెడ్డు ఒక మెట్టు తేడాతో ఒక రాత్రి గడిపేస్తుంది గాని క్యాబినెట్టు లేకుండా ఒక్క నిమిషం కూడా మోగించకు. ట్రాన్సిస్టరు హెడ్డుకి నియమం వేరు. రాసినదాని కంటే ఎక్కువ ఓమ్‌లు పర్లేదు, శబ్దం తగ్గుతుంది. తక్కువైతే కాలిపోతుంది. స్విచ్చు తిప్పేది హెడ్డు ఆపాకే.

డ్రమ్‌కీ
డ్రమ్స్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు, అలవాటే. కిట్టు అడిగి తీసుకునే చోట కూడా స్నేరు (తీగలున్న చిన్న డ్రమ్), సింబల్స్ (లోహపు పళ్ళేలు), కిక్ పెడలు (పెద్ద డ్రమ్‌ని కాలితో కొట్టేది), కూర్చునే స్టూలు మనవే ఉండాలి. పగిలేవి పంచుకోరు. స్టూలు ఎందుకంటే పదో రోజు నడుము చెప్తుంది.

విడి సామాను: 14 అంగుళాల స్నేరు తోలు ఒకటి, స్నేరు తీగల్ని పట్టే దారం, సింబల్ ఫెల్టులు, ప్లాస్టిక్ గొట్టాలు, రెక్కల నట్లు గుప్పెడు, హైహ్యాట్ (కాలితో మూసే జంట సింబల్స్) క్లచ్చు ఒకటి, డ్రమ్‌లు బిగించే కీలు మూడు (రెండు పోతాయి). కర్రలు షోకి ఒకటిన్నర జత లెక్కన 15 జతలు. కిక్ తోలు చిరిగితే లోపలా బయటా గాఫర్ టేపు పట్టీలు అడ్డంగా నిలువుగా వేసి, పెడలు బీటరు (కొట్టే గుండు) తగిలే చోట పాత బ్యాంకు కార్డు ముక్క అంటించండి, షో గడుస్తుంది. ప్లాస్టిక్ గొట్టం లేకుండా సింబల్‌ని ఇనుప రాడ్డు మీద కూర్చోబెడితే రంధ్రం తాళంచెవి రంధ్రంలా అరుగుతుంది, అక్కడి నుంచే పగులు మొదలవుతుంది.

కార్పెట్టు తప్పనిసరి. దాని మీద ప్రతి స్టాండు కాలు ఎక్కడుండాలో టేపు గుర్తులు వేస్తే కిట్టు నాలుగు నిమిషాల్లో నిలబడుతుంది. ముందు బ్యాండు వాయిస్తుండగానే స్టాండ్లకి సింబల్స్ బిగించి పక్కన ఉంచాలి. బ్యాండ్ల మార్పిడికి 15 నిమిషాలు ఇస్తారు. అందులో 9 నిమిషాలు మాట్లాడుకుంటూ స్టేజీ మీదే స్టాండ్లు మడిచే బ్యాండుని మళ్ళీ పిలవరు.

వెనకడోరు
వ్యాను బరువు ఎవరైనా కూడారా? అయిదుగురు (డ్రైవరో, చొక్కాలమ్మే మనిషో కలిసి) 375 కిలోలు, బ్యాగులు 75, ఒక 4×12 45, మూడు హెడ్లు 55, డ్రమ్స్ 70, గిటార్లు, వాటి శబ్దం మార్చే పెడల్ బోర్డులు 40, వంద చొక్కాలు 18, వంద ఎల్పీ రికార్డులు 25. మొత్తం 703 కిలోలు. ఆ 8×10 ఎక్కిస్తే 765 దాటింది. వ్యాను కాగితాల మీద మోయగల బరువు అంకె చూసి దీంతో పోల్చండి. బ్రేకు వేసినప్పుడు తేడా అక్కడ తెలుస్తుంది.

బరువైనవి కింద, సీట్ల వెనక గోడకి ఆనించి, వెనక ఇరుసుకి ముందు. క్యాబినెట్టు ముఖం గోడ వైపు. ర్యాచెట్ పట్టీలు రెండు. గోడ లేని వ్యానులో హెడ్డుని పైన పెట్టారంటే, గట్టిగా బ్రేకు వేసిన క్షణంలో ఆ 20 కిలోలు వెనక సీటువాడి తలకి తగులుతాయి. టైర్ల గాలి నిండు బరువుకి ఎంతో డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. వేడెక్కాక అంకె అబద్ధం చెప్తుంది.

రాత్రి వ్యాను వెనక తలుపుల్ని గోడకి ఆనించి ఆపండి, తెరవడానికి చోటుండదు. గిటార్లు, హెడ్లు మీరు పడుకునే చోటికి, ఎంత అలసటైనా సరే. వ్యాను పక్కన బ్యాండు పేరు, స్టిక్కర్లు అంటించడమంటే లోపలేముందో బోర్డు పెట్టడమే. అన్ని సీరియల్ నంబర్లు ఫోటో తీసి ఇంట్లో ఉన్న ఒకరికి పంపండి.

రెండు గంటలకోసారి ఆగాలి. షో అయ్యాక రాత్రంతా నడిపి పొద్దున చేరుకునే ప్లాను ఎవరు వేసినా కొట్టేయండి. డ్రైవరు పక్క సీట్లో ఉన్నవాడు నిద్రపోకూడదు, అది కూడా డ్యూటీయే.

బొంగురు
గొంతు: పదిరోజులు అరవాలంటే సౌండ్ చెక్కులో పూర్తిగా పాడకండి, ఒక్క చరణం చాలు. గొంతు పోయేది ఎక్కువగా స్టేజీ మీద కాదు, షో తర్వాత స్పీకర్ల పక్కన నిలబడి మాట్లాడే గంటలో. చొక్కాలమ్మే టేబుల్ దగ్గర గాయకుణ్ణి నిలబెట్టకండి. బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు, అది ఇంకా బిగుసుకుపోయే పని. మాట్లాడకపోవడమే విశ్రాంతి. గొంతు మొద్దుబార్చే బిళ్ళలు చప్పరించి పాడితే దెబ్బ తగిలినా తెలియదు. అర్ధరాత్రి పుల్లగా, కారంగా తిని వెంటనే పడుకుంటే కడుపులో యాసిడ్ పైకొచ్చి పొద్దున గొంతుని కాలుస్తుంది. రెండు వారాలు దాటినా బొంగురు పోకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరు స్వరతంతువుల్ని చూడాల్సిందే.

చెవులు: అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కి టైము సగం. 100 దగ్గర 15 నిమిషాలే. చిన్న గదిలో సింబల్స్ పక్కన 100 తేలిగ్గా దాటుతుంది, అంటే మీ 25 నిమిషాల సెట్టే ఆ రోజు కోటా మింగేస్తుంది, మిగతా మూడు బ్యాండులు అదనం. సంగీతకారుల ప్లగ్గులు అన్ని స్వరాల్నీ సమానంగా తగ్గిస్తాయి. నురగవి పై స్వరాల్ని ఎక్కువ కోసి మొత్తం మొద్దుగా వినిపిస్తాయి, అయినా ఏమీ లేనిదానికంటే వెయ్యి రెట్లు నయం. నురగదాన్ని సన్నగా చుట్టి, చెవిని పైకీ వెనక్కీ లాగి తోసి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. బయటికి సగం కనిపిస్తోందంటే పెట్టనట్టే.

స్క్వీజీ
చొక్కాలు సొంతంగా అచ్చేసుకునేవాళ్ళకి. నల్ల చొక్కా మీద తెల్ల ప్లాస్టిసాల్ (వేడికి గట్టిపడే సిరా) వేయాలంటే సెంటీమీటరుకి 43 దారాల జాలి. ఒక పూత, కాసేపు వేడి తగిలించి పైపైన ఆరబెట్టు (ఫ్లాష్), రెండో పూత. ఒకేసారి మందంగా లాగితే పైన ఆరినట్టుండి లోపల పచ్చిగా ఉంటుంది. పూత మొత్తం 160 డిగ్రీలకి చేరాలి. అచ్చుని రెండు వైపులా లాగి చూడండి. పగిలిందంటే ఆరలేదు. మూడుసార్లు ఉతికి చూడకుండా అమ్మకండి. షో అయిన నెలకి తిట్లు వస్తాయి.

60 చొక్కాలకి కొలతలు: ఎస్ 8, ఎం 17, ఎల్ 19, ఎక్స్‌ఎల్ 11, డబుల్ ఎక్స్‌ఎల్ 5. అన్నీ సమానంగా వేస్తే చివరికి ఎస్‌లే మిగులుతాయి. ఒక్కోటి చుట్టచుట్టి, కొలత రాసిన టేపు ముక్క అంటించండి, చీకట్లో వెతుక్కోవాల్సిన పని ఉండదు. టేబుల్ మీద దీపం, ధరలు పెద్ద అక్షరాల్లో, చిల్లర డబ్బా. ప్రతి రాత్రి తలుపు తెరిచే ముందు ఎన్ని, మూసాక ఎన్ని లెక్కపెడితే తేడాయే అమ్మకం. పెట్టెలో డబ్బు దానితో కలవకపోతే ఆ రాత్రే తేల్చాలి, మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. హాలువాళ్ళు అమ్మకంలో వాటా అడుగుతారేమో ముందే కనుక్కోండి. చిన్న చోట్ల అడగరు, పెద్ద హాళ్ళలో అడుగుతారు.

డ్రమ్‌కీ
మరి పాటలు దేని మీద? ఏడంగుళాల రికార్డా, క్యాసెట్టా?

స్క్వీజీ
మొదటి టూరుకి క్యాసెట్టు. కావాల్సినన్నే చేయించుకోవచ్చు, త్వరగా వస్తుంది, వేడికి రికార్డులంత భయం లేదు. మీ 25 నిమిషాలు పక్కకి 15 నిమిషాల టేపులో పడతాయి. పెద్ద పక్కని మొదటిదిగా పెట్టండి.

లెక్కలమాస్టారు
విభేదిస్తున్నాను. క్యాసెట్టుని జ్ఞాపకం కోసం కొంటారు, రికార్డుని వినడానికి కొంటారు. ఒక్కోదాని మీద మిగిలేదీ రికార్డుకే ఎక్కువ. కానీ స్క్వీజీ చెప్పినదాంట్లో ఒక నిజముంది, రికార్డు టైముకి రాదు. పెట్టెలు చేతికొచ్చాకే టూరు తేదీలు పెట్టుకోవాలి గాని ముందు కాదు.

ఏడంగుళాలది నిమిషానికి 45 చుట్ల వేగంలో పక్కకి నాలుగున్నర నిమిషాలు దాటితే శబ్దం తగ్గించి గాడి కోస్తారు. గట్టిగా వినబడాలంటే లోపలే ఉంచండి. 12 అంగుళాలది 33లో పక్కకి 18 నిమిషాల లోపు. లోతైన బేస్ మోనోలో (రెండు స్పీకర్లలో ఒకేలా) ఉండాలి, "స", "ష" అక్షరాల ఈల మిక్సింగులోనే అదుపు చేయాలి. లోపలి గాడుల్లో అది చిరుగుతుంది, కాబట్టి అరుపు ఎక్కువున్న పాట చివర్లో వద్దు. పరీక్ష కాపీలు వచ్చాక అన్నీ వినండి. 33లో 1.8 సెకన్లకోసారి, 45లో 1.33 సెకన్లకోసారి అదే టిక్కుమంటూ ఉంటే అది గాడిలోని లోపం. అన్ని కాపీల్లో అదే చోట వస్తే అచ్చుదిమ్మదే తప్పు, ఒక్కదాంట్లో అయితే ఆ కాపీది. ఎండలో మూసిన వ్యానులో రికార్డులు వదిలితే మధ్యాహ్నానికి గిన్నెలవుతాయి.

పిట్టగోడ
ఇద్దరూ సరే, మొదటిసారి మోసేది ఎవరో చూసుకోండి మరి.

సరిహద్దుగేటు
దేశం దాటే ఆలోచన ఉంటే రెండు ముక్కలు. సామానుకి ఏటీఏ కార్నే అనే పత్రం ఉంటుంది, 1961 ఒప్పందం నాటిది, ఏడాది చెల్లుతుంది. ప్రతి వస్తువు పేరు, సీరియల్ నంబరు, బరువు, విలువ రాసి, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ప్రతి గేటులో ముద్ర వేయించుకోవాలి. ఒక్క ముద్ర తప్పితే పూచీ సొమ్ములోంచి కోత పడొచ్చు. అమ్మే చొక్కాలు, రికార్డులు కార్నే కిందికి రావు. వాటికి దిగుమతి పత్రం, సుంకం వేరు. అన్నీ ఒకే జాబితాలో కలిపేయడమే తరచూ జరిగే తప్పు. యూరప్‌లోని షెంగెన్ దేశాల్లో బయటివాళ్ళకి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. వీసా అక్కర్లేకపోవడం వేరు, డబ్బు తీసుకుని వాయించే అనుమతి వేరు. అది దేశానికో తీరు.

కరెంటు: ఉత్తర అమెరికాలో 120 వోల్టులు, యూరప్‌లో 230. వోల్టేజీ మార్చే స్విచ్చున్న ఆంపులో స్విచ్చుతో పాటు ఫ్యూజూ మార్చాలి. వోల్టేజీ దాదాపు రెట్టింపైతే ఫ్యూజు ఆంపియర్లు సగం. స్విచ్చు లేనిదానికి ట్రాన్స్‌ఫార్మరు కావాలి, 100 వాట్ల ట్యూబు హెడ్డుకి 500 వీఏకి తగ్గొద్దు, అదీ పెద్ద బరువే. గిటార్ పెడళ్ళ ఎడాప్టరు మీద 100 నుంచి 240 అని రాసుంటే ప్లగ్గు మారిస్తే చాలు.

లెక్కలమాస్టారు
టూరు లేని నెలల పని కూడా చెప్పేస్తాను, ఎవరూ అడగరు గనక. ప్రతి షో పాటల జాబితా రాసి ఉంచుకుని, రచయితల హక్కుల సంఘంలో సభ్యులైతే అక్కడ నమోదు చేయండి. చిన్న హాళ్ళ నుంచి కూడా రావాల్సిన డబ్బు ఉంటుంది, గడువు దాటితే రాదు. పాట రాసిన హక్కు వేరు, రికార్డింగు హక్కు వేరు. ఎవరికి ఎంత శాతమో పాట పూర్తయిన రోజే కాగితం మీద పెట్టి నలుగురూ సంతకం చేయండి. డ్రమ్మరు బ్యాండు వదిలాక ఆ కాగితం రాయడం కుదరదు. ప్రతి రికార్డింగుని గుర్తించే ఐఎస్‌ఆర్‌సీ కోడు అక్షరాలు, అంకెలు కలిపి 12, ఒకసారి ఇచ్చాక అదే రికార్డింగుకి మార్చకూడదు. కొత్తగా మిక్స్ చేస్తే మాత్రం కొత్త కోడు.

ఉద్యోగం విషయంలో, నెల ముందే సెలవు చెప్పగల పని వెతుక్కోవడం ఎక్కువ జీతం కంటే విలువైనది. తిరిగొచ్చిన మర్నాడే పనిలోకి వెళ్తే ఆ వారం అందరితో గొడవలే, ఒక రోజు మధ్యలో ఉంచండి.

గాఫర్‌టేపు
వచ్చిన రెండో రోజు సామాను తెరవండి. కేబుళ్ళన్నీ ఒక్కొక్కటిగా గుచ్చి కదిపి చూసి, కరకరలాడేదానికి ఎర్ర టేపు చుట్టండి. ఆ వారం చేయని రిపేరు మళ్ళీ టూరుకి ముందు రాత్రే గుర్తొస్తుంది.

మూడుకార్డులు
8×10 ఇంట్లోనే. ఒక 4×12, మూడు హెడ్లు. ఖాళీ రోజు ఆరో షో తర్వాత. క్యాసెట్టు 80, చొక్కాలు 60. ఇంకో చిన్నది: వ్యాను తాళంచెవి ఎవరి దగ్గర?

వెనకడోరు
ఆ రోజు నడిపేవాడి దగ్గర. రెండోది చొక్కాలమ్మే మనిషి మెడలో తాడుకి. స్టేజీ ఎక్కేవాళ్ళ జేబులో వద్దు, జనం మీద దూకినప్పుడు మొదట పడిపోయేది అదే.